గల్ఫ్ దేశాల్లో స్థానిక – విదేశీ కార్మిక నియామక వివాదం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యోగాలను స్థానికులకు ఇవ్వాలా, విదేశీ కార్మికులకు ఇవ్వాలా అనే వివాదం గల్ఫ్ దేశాల్లో అర్ధశతాబ్దంగా కొనసాగుతున్నది. పౌరులకు ఉపాధి కల్పించడానికి ఆ దేశాలు కోటాలను, రుసుములను, జరిమానాలను ప్రయోగించాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుండి వెళ్లిన లక్షలాది కార్మికుల జీవితాలపై వాటి ప్రభావం ప్రత్యక్షంగా పడింది. విదేశీ కార్మికుడు చౌకగా దొరకడానికి కారణం అతని జాతీయత కాదనీ, అతణ్ణి ఒకే యజమానికి కట్టివేసే చట్టవ్యవస్థ, ప్రయాణానికి ముందే అతని తలపై పడే అప్పు అనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. యజమానిని మార్చుకునే స్వేచ్ఛ వలస కార్మికునికి లభించినప్పుడు స్థానిక కార్మికునికి కూడా మేలు జరిగే అవకాశం ఉన్నదనీ, అయితే ఆ మేలుకు ఒక మూల్యం కూడా ఉన్నదనీ వివరిస్తుంది.

కీలకపదాలు: గల్ఫ్ వలస, కఫాలా, నితాఖత్, స్థానికీకరణ, శ్రమ విపణి, కనీస సిఫారసు వేతనం, స్థానికత.

1. ఉపోద్ఘాతం

స్వదేశంలో పని దొరకని మనిషి పరదేశానికి వెళ్తాడు. ఆ పరదేశంలోనూ పని దొరకని స్వదేశీయుడు ఉంటే, అతనికి వచ్చినవాడు పోటీదారుగా కనిపిస్తాడు. కార్మికులు సరిహద్దులు దాటే ప్రతి చోటా ఈ ఘర్షణ ఏదో ఒక రూపంలో ఉంటుంది. గల్ఫ్ సహకార మండలికి చెందిన సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ దేశాల్లో దీని స్వరూపం మాత్రం విలక్షణమైనది. ఖతర్, ఎమిరేట్స్ జనాభాలో పౌరులు ప్రతి పదిమందిలో సుమారు ఒక్కరే. సౌదీ అరేబియా 2022 జనగణన ప్రకారం దేశ జనాభా దాదాపు 3.22 కోట్లు కాగా, అందులో 41.6 శాతం విదేశీయులు. ప్రైవేటు రంగంలో శారీరక శ్రమ అంతా దాదాపుగా వారిదే.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత ఈ దేశాల్లో రహదారులు, రేవులు, శుద్ధి కర్మాగారాలు, నగరాలు వేగంగా వెలిశాయి. వాటిని కట్టడానికి కావలసిన మనుషులు అక్కడ లేరు. ఆ అవసరం తెలుగు నేలను కూడా తాకింది. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల రైతుకూలీలు, నేత కార్మికులు దుబాయి, సౌదీ, మస్కట్ బాట పట్టారు. కడప, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాల నుండి పురుషులతో పాటు మహిళలు కూడా ఇంటిపనికి కువైట్ వెళ్లారు. తెలంగాణ ఉద్యమకాలంలో ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న మూడు మాటలు ఒక ప్రాంతపు బతుకుదెరువు చరిత్రకు సంకేతంగా నిలిచాయి.

అందువల్ల రియాద్‌లో గాని, కువైట్ నగరంలో గాని స్థానికులకు ఉద్యోగాలు అనే నినాదంతో ఒక నిబంధన వస్తే, దాని ప్రకంపనలు జగిత్యాల, సిరిసిల్ల, రాజంపేట, రాయచోటి ఇళ్లలో వినిపిస్తాయి. ఈ నిబంధనలను కేవలం వలసదారుల కష్టంగానో, కేవలం ఆతిథ్య దేశాల హక్కుగానో చూడటం పరిపాటి. ఆ రెండు దృక్పథాలకూ అందని ఒక మూలకారణాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. వివాదంలోని రెండు పక్షాలు

స్థానికులకే ప్రాధాన్యం ఇవ్వాలనేవారి వాదంలో ప్రధానంగా మూడు అంశాలు ఉన్నాయి. మొదటిది, రాజ్యం తన పౌరులకు ఉపాధి చూపవలసిన బాధ్యత. చమురు ఆదాయం తగ్గినప్పుడు ప్రభుత్వ కొలువులు పెంచుకుంటూ పోవడం సాధ్యం కాదు. చదువు ముగించుకొని వచ్చే యువతకు ప్రైవేటు రంగమే దారి చూపాలి. రెండవది, చవక కూలి దొరికినంత కాలం యజమాని యంత్రాలపై గాని, శిక్షణపై గాని పెట్టుబడి పెట్టడని, దానివల్ల దేశ ఉత్పాదకత ఎదగదని చేసే వాదం. మూడవది, పౌరులు తమ దేశంలోనే అల్పసంఖ్యాకులవుతున్నారనే ఆందోళన. జనాభాలో ఒక్కొక్క దేశస్థులకు ఒక్కొక్క పరిమితి విధించాలని, భారతీయుల వాటా 15 శాతం మించరాదని 2020లో కువైట్ జాతీయ సభ ముందుకు వచ్చిన ప్రతిపాదన ఈ ఆందోళన నుండి పుట్టినదే.

విదేశీ కార్మికుల నియామకాన్ని సమర్థించేవారి వాదంలో కూడా బలం ఉన్నది. పౌరులు చేయడానికి సిద్ధపడని పనులను విదేశీయులు చేస్తున్నారు. ఎర్రటి ఎండలో ఇనుప కడ్డీలు మోసే పని, పారిశుద్ధ్యం, ఎడారిలో గొర్రెల కాపలా వంటి వాటికి స్థానికుల నుండి దరఖాస్తులు రావు. పైగా ఒక దేశంలో ఉద్యోగాల సంఖ్య రాశిపోసిన ధాన్యం వలె స్థిరంగా ఉండదు. మేస్త్రీ, తాపీ పనివాడు, డ్రైవరు ఉంటేనే ఇంజనీరుకు, గణకునికి, వ్యాపారికి పని పుడుతుంది. ఒకరి శ్రమ మరొకరి శ్రమను ఎల్లప్పుడూ తొలగించదు, తరచుగా దానికి తోడవుతుంది.

ఈ రెండు వాదాలూ ఒక అంశాన్ని ముందుగానే అంగీకరిస్తున్నాయి. విదేశీ కార్మికుడు చౌక, స్థానికుడు ఖరీదు అన్నదే ఆ అంశం. దీనిని ప్రకృతి సహజమైన విషయంగా రెండు పక్షాలూ స్వీకరించాయి. ఆ తేడా ఎలా ఏర్పడిందని ప్రశ్నించినప్పుడే వివాదం అసలు రూపం బయటపడుతుంది.

3. కఫాలా: చౌక శ్రమకు చట్టపరమైన పునాది

గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికుడు ఉండాలంటే అతనికి ఒక స్థానిక పూచీదారు ఉండాలి. ఆ పూచీదారును కఫీల్ అనీ, ఈ పద్ధతిని కఫాలా అనీ అంటారు. కార్మికుని వీసా, నివాసపత్రం కఫీల్ పేరుతోనే ముడిపడి ఉంటాయి. తెలుగు కార్మికుల వాడుకలో ఆ నివాసపత్రం పేరు అకామా. కఫీల్ దానిని పునరుద్ధరించకపోతే కార్మికుని తప్పు లేకుండానే అతని నివాసం అక్రమమవుతుంది. వేరే చోట ఎక్కువ జీతం దొరుకుతున్నా, కఫీల్ నిరభ్యంతర పత్రం ఇవ్వనిదే మారే వీలు చాలాకాలం లేదు. కఫీల్‌ను విడిచి బయట పనిచేసేవాణ్ణి గల్ఫ్‌లోని తెలుగువారు కల్లివెల్లి అని పిలుస్తారు. అతనికి చట్టరక్షణ ఉండదు. ఇంటికి తిరిగి రావాలన్నా క్షమాభిక్ష కాలం కోసమో, దౌత్య కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ కోసమో ఎదురుచూడాలి.

దీనివల్ల ఏర్పడే ఆర్థిక ఫలితం స్పష్టమైనది. సాధారణ విపణిలో కార్మికునికి తగిన వేతనం ఇవ్వని యజమాని ఆ కార్మికుణ్ణి కోల్పోతాడు. ఆ భయమే వేతనాన్ని పెంచుతుంది. కఫాలాలో ఆ భయం లేదు. కార్మికుని దృష్టిలో అతని శ్రమను కొనేవాడు ఒక్కడే. ఈ స్థితిని అర్థశాస్త్రం మోనాప్సనీ అంటుంది. అమ్మేవాడు ఒక్కడే అయితే ధర పెరిగినట్లు, కొనేవాడు ఒక్కడే అయితే ధర తగ్గుతుంది. కార్మికుడు ఎంత ఉత్పత్తి చేస్తున్నాడన్నది గాక, తిరిగి ఊరికి పోతే ఎంత సంపాదించగలడన్నది అతని వేతనానికి కొలమానమవుతుంది.

స్థానిక పౌరుని స్థితి దీనికి పూర్తిగా భిన్నం. అతడు ఈ రోజు కంపెనీ మానేసి రేపు మరొక కంపెనీలో చేరవచ్చు. ప్రభుత్వ కొలువు కోసం వేచి ఉండవచ్చు. కువైట్‌లో ఉద్యోగాలు చేసే పౌరుల్లో అత్యధికులు నేటికీ ప్రభుత్వంలోనే ఉన్నారు. అక్కడి జీతం, పనిగంటలు, భద్రత ప్రైవేటు రంగం కంటే మెరుగు. కనుక లాభం కోరే యజమాని ముందు ఇద్దరు నిలబడినప్పుడు, ఒకడు వెళ్లిపోగలవాడు, మరొకడు వెళ్లలేనివాడు. యజమాని రెండవవాణ్ణి ఎన్నుకోవడంలో జాతిద్వేషం గాని, పరదేశీయులపై ప్రేమ గాని లేదు. చట్టమే ఆ ఎంపికను లాభసాటిగా మార్చింది.

4. అప్పు: రెండవ సంకెల

కఫాలా కార్మికుణ్ణి అక్కడ కట్టివేస్తే, అప్పు అతణ్ణి ఇక్కడి నుండే కట్టివేస్తుంది. భారతదేశంలో 1983 వలసల చట్టం ప్రకారం నమోదైన ఏజెంట్లే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలి. కార్మికుని నుండి వారు తీసుకోదగిన సేవారుసుముకు పరిమితి ఉన్నది. అది రూ. 30,000, దానిపై పన్ను అదనం. ఆచరణలో ఊరి స్థాయి సబ్ ఏజెంటు నుండి గల్ఫ్‌లో వీసా అమ్మే మధ్యవర్తి దాకా ఒక గొలుసు ఉంటుంది. ఆ గొలుసులో ప్రతి మెట్టు వద్దా కొంత చెల్లింపు జరుగుతుంది. పని లేకపోయినా వీసాలు తెప్పించి అమ్ముకునే కఫీళ్లు ఉండటం వల్లనే ‘ఆజాద్ వీసా’ అన్న మాట పుట్టింది. పేరులో స్వేచ్ఛ ఉన్నా, ఆ వీసాపై వెళ్లినవాడు కాగితంలో ఒక యజమాని వద్ద, వాస్తవంలో మరొకచోట పనిచేస్తూ చట్టం దృష్టిలో నేరస్థుడవుతాడు.

ఉదాహరణకు ఒక కార్మికుడు లక్షన్నర రూపాయలను నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుంటే, నెలవడ్డీయే రూ. 4,500 అవుతుంది. ఏడాదికి అది రూ. 54,000. అసలు తీరాలంటే ఎన్నో నెలలు పట్టుతుంది. ఇటువంటి భారంతో విమానం దిగినవాడు, ఒప్పందంలో రాసిన జీతం కంటే తక్కువ ఇస్తామన్నా కాదని తిరిగి రాలేడు. చౌక శ్రమ అని వ్యవహరించబడేది వాస్తవానికి అప్పుల్లో ఉన్న శ్రమ. వీసా అమ్మకం వల్ల కఫీల్‌కు ఆదాయం రావడం మరొక వైపరీత్యానికి దారితీస్తుంది. అవసరానికి మించి విదేశీయులను రప్పించడమే అతనికి వ్యాపారమవుతుంది. స్థానికులకు ఉద్యోగాలు రావడం లేదని బాధపడే సమాజంలోనే, విదేశీయుల రాకపై లాభం పొందే వర్గం కూడా ఉన్నది.

5. కోటాల ప్రయోగం: నితాఖత్

స్థానికీకరణ కోసం సౌదీ అరేబియా 2011లో ప్రవేశపెట్టిన నితాఖత్ ఈ రంగంలో అతిపెద్ద ప్రయోగం. తెలుగు పత్రికల్లో ఇది నతాఖా, నతాఖత్ వంటి పేర్లతో ప్రచారం పొందింది. ప్రైవేటు సంస్థలను వాటి రంగాన్ని, పరిమాణాన్ని బట్టి విభజించి, వాటిలో ఉన్న సౌదీ పౌరుల శాతం ఆధారంగా ప్లాటినం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వర్ణాల కింద చేర్చారు. పై రెండు వర్ణాల సంస్థలకు వీసాల మంజూరు సులభం. పసుపు సంస్థలకు పరిమితులు. ఎరుపు సంస్థలకు కొత్త వీసాలు, ఉన్నవారి పునరుద్ధరణ నిలిపివేత. పదిమంది లోపు ఉద్యోగులున్న చిన్న సంస్థలకు మొదట మినహాయింపు ఇచ్చారు.

ఈ పథకంపై ఆర్థికవేత్త జెన్నిఫర్ పెక్ 2017లో ప్రచురించిన అధ్యయనం రెండు ఫలితాలను లెక్కగట్టింది. సౌదీ పౌరులకు సుమారు 63,000 ప్రైవేటు ఉద్యోగాలు పెరిగాయి. అదే సమయంలో సుమారు 11,000 సంస్థలు మూతపడ్డాయి. కోటా పనిచేయదని చెప్పడానికి వీలులేదు. అది పనిచేసింది. అయితే దానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మూతపడిన సంస్థల్లో పనిచేసిన విదేశీయుల ఉపాధి మాత్రమే గాక, అక్కడ ఉన్న స్థానికుల ఉపాధి కూడా పోయింది.

కోటా మరొక వికృతికి కూడా తావిచ్చింది. పనికి రాని పౌరుల పేర్లను జీతాల పట్టికలో చేర్చి, లెక్క చూపించడం కొన్ని సంస్థలకు మార్గమైంది. దీనిని అడ్డుకోవడానికి ఒక పౌరుణ్ణి పూర్తి ఉద్యోగిగా లెక్కించాలంటే కనీస జీతం ఇంత ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. మొదట 3,000 రియాళ్లుగా ఉన్న ఆ మొత్తాన్ని 2021లో 4,000 రియాళ్లకు పెంచింది. ఎమిరేట్స్‌లో కూడా 50 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు నైపుణ్య ఉద్యోగాల్లో పౌరుల వాటాను ఏడాదికి 2 శాతం చొప్పున పెంచి 2026 నాటికి 10 శాతానికి చేర్చాలన్న నిబంధన 2022లో వచ్చింది. లక్ష్యం చేరని ప్రతి ఉద్యోగానికి మొదటి ఏడాది లెక్కలో నెలకు 6,000 దిర్హాముల జరిమానా విధించారు. నామమాత్రపు నియామకాలపై అక్కడ కూడా ప్రత్యేక శిక్షలు అవసరమయ్యాయి.

నితాఖత్ దెబ్బ తెలుగువారికి 2013లో తగిలింది. ఆ ఏడాది ఏప్రిల్ నుండి నవంబరు తొలివారం వరకు కాగితాలు సరిచేసుకోవడానికో, శిక్ష లేకుండా దేశం విడవడానికో గడువిచ్చి, ఆపైన తనిఖీలు జరిపారు. ఆజాద్ వీసాపై ఉన్నవారు, కల్లివెల్లి అయినవారు ముందుగా ఇబ్బందిపడ్డారు. వారు ఒక సౌదీ యువకుని ఉద్యోగం లాక్కున్నవారు కారు. కఫీల్‌కు వీసా ధర, నెలనెలా వాటా చెల్లించి బతుకుతున్నవారు. శిక్ష వీసా కొన్నవానికి పడినంతగా వీసా అమ్మినవానికి పడలేదు.

6. రుసుముల మార్గం

కోటా కంటే సున్నితమైన సాధనంగా కొన్ని దేశాలు రుసుమును ఎంచుకున్నాయి. విదేశీయుడు చౌక కాబట్టి అతనిపై పన్ను వేసి ధరల తేడాను తగ్గించాలన్నది ఆలోచన. బహ్రెయిన్ 2006లో శ్రమ విపణి నియంత్రణ సంస్థను చట్టం ద్వారా నెలకొల్పి, 2008 నుండి ప్రతి విదేశీ కార్మికునిపై నెలకు 10 దీనార్ల రుసుము విధించింది. ఆ ఆదాయంలో అధిక భాగాన్ని పౌరుల శిక్షణకు కేటాయించింది. సౌదీ అరేబియా 2018 నుండి రుసుములను దశలవారీగా పెంచింది. పౌరుల కంటే విదేశీయులు ఎక్కువగా ఉన్న సంస్థలు ఒక్కొక్క విదేశీ కార్మికునికి నెలకు 2018లో 400, 2019లో 600, 2020లో 800 రియాళ్లు చెల్లించాలి. అంటే 2020 నాటికి ఏడాదికి 9,600 రియాళ్లు.

నెలకు 1,500 రియాళ్ల జీతం ఉన్న కార్మికుని విషయంలో 800 రియాళ్ల రుసుము అతని జీతంలో సగానికి మించినది. చట్టం ప్రకారం అది యజమాని భారం. కాని బేరమాడే శక్తి లేనివాని నుండి ఆ భారాన్ని వేరే రూపంలో రాబట్టడం యజమానికి కష్టం కాదు. జీతం పెంచకపోవడం, ఓవర్‌టైమ్ ఎగవేయడం, అకామా పునరుద్ధరణ ఖర్చును జీతంలో కోయడం అందుకు మార్గాలు. కార్మికుడు కట్టివేయబడి ఉన్నంతకాలం రుసుము కూడా అతని వీపు మీదికే జారుతుంది. ఆ మేరకు స్థానికునికి, విదేశీయునికి మధ్య ధరల తేడా తగ్గదు.

7. కట్టు సడలినప్పుడు: ఎమిరేట్స్ అనుభవం

కార్మికుణ్ణి కట్టివేయడమే మూలకారణమైతే, ఆ కట్టును సడలించినప్పుడు వేతనం పెరగాలి. దీనిని పరీక్షించే అవకాశం 2011లో ఎమిరేట్స్‌లో లభించింది. ఒప్పందకాలం ముగిసిన కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండానే కొత్త యజమాని వద్ద చేరవచ్చునని ఆ ఏడాది జనవరి నుండి నిబంధన మారింది. సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ అనే ఆర్థికవేత్తలు ఈ మార్పుపై చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. అప్పటికే అక్కడ ఉన్న వలస కార్మికుల సంపాదన సుమారు 10 శాతం పెరిగిందని వారు గుర్తించారు. యజమానులను మార్చినవారి సంఖ్య పెరిగినా, పాత సంస్థలోనే కొనసాగినవారి సంఖ్య కూడా పెరగడం విశేషం. దేశం విడిచి వెళ్లిపోయేవారు తగ్గడమే అందుకు కారణం. మారే హక్కు వచ్చిన తరువాత, కార్మికుణ్ణి నిలుపుకోవడానికి యజమాని జీతం పెంచవలసి వచ్చింది.

ఇదే అధ్యయనంలో చేదు ఫలితం కూడా ఉన్నది. స్వదేశం నుండి కొత్తగా రప్పించే కార్మికులకు గిరాకీ తగ్గింది. వారి సంపాదన కూడా కొంత తగ్గింది. అంటే స్వేచ్ఛ వల్ల లాభం పొందినవాడు అప్పటికే దుబాయిలో ఉన్న కార్మికుడు, నష్టపోయినవాడు ఇంకా ఊళ్లో వీసా కోసం ఎదురుచూస్తున్నవాడు. స్థానికీకరణ కోరేవారి దృష్టిలో ఈ రెండవ ఫలితం ఆకర్షణీయమైనది. విదేశీ శ్రమకు గిరాకీ తగ్గించడానికి ఎరుపు రంగు, జరిమానా, తనిఖీ మాత్రమే మార్గాలు కావనీ, కార్మికునికి హక్కు ఇవ్వడం కూడా ఆ పనే చేస్తుందనీ ఇది సూచిస్తుంది.

ఆ తరువాతి సంవత్సరాల్లో ఇతర దేశాలు కూడా ఈ దారిలో కొంత నడిచాయి. ఖతర్ 2020లో నిరభ్యంతర పత్రం నియమాన్ని తొలగించి, 2021 మార్చి నుండి అన్ని దేశాల కార్మికులకూ వర్తించే 1,000 రియాళ్ల కనీస మూలవేతనాన్ని అమలుచేసింది. ఒమన్ 2021 జనవరి నుండి ఆ పత్రాన్ని రద్దుచేసింది. సౌదీ అరేబియా 2021 మార్చిలో యజమాని మార్పును సులభతరం చేసింది. అయితే ఇంటిపనివారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు సౌదీ సంస్కరణ పరిధిలోకి రాలేదు. తెలుగు జిల్లాల నుండి వెళ్లినవారిలో ఈ పనుల్లో ఉన్నవారు గణనీయం. అత్యంత బలహీనులే ఇప్పటికీ కట్టుబడి ఉన్నారు.

8. ఇతర దేశాల అనుభవం: అమెరికా

కోటాలు, నిషేధాల ఫలితంపై విస్తృతమైన పరిశోధన జరిగినది అమెరికాలో కాబట్టి, అక్కడి అనుభవం ఈ చర్చకు ఉపకరిస్తుంది. 1942 నుండి 1964 వరకు బ్రసేరో పథకం కింద మెక్సికో వ్యవసాయ కూలీలను తాత్కాలిక ఒప్పందాలపై రప్పించారు. మొత్తం మీద సుమారు 45 లక్షల ఒప్పందాలు జరిగాయి. వారివల్ల స్థానిక కూలీల జీతాలు పడిపోతున్నాయన్న వాదన బలపడి, 1964 చివర పథకాన్ని ముగించారు. మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హానా పోస్టెల్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ ముగింపు వల్ల స్థానిక వ్యవసాయ కూలీల వేతనాల్లో గాని, ఉపాధిలో గాని గుర్తించదగిన పెరుగుదల రాలేదు. యంత్రాలు అందుబాటులో ఉన్న పంటలకు రైతులు యంత్రాలు తెచ్చుకున్నారు, లేని పంటల సాగు తగ్గించుకున్నారు. విదేశీయుడు వెళ్లిపోయినంత మాత్రాన ఆ పని స్థానికునికి దక్కలేదు.

ఈ అంశంపై పండితుల్లో ఏకాభిప్రాయం ఉన్నదని కూడా చెప్పలేం. 1980లో క్యూబా నుండి సుమారు 1,25,000 మంది మరియెల్ రేవు మీదుగా అమెరికా చేరి, మయామీ శ్రామికశక్తిని దాదాపు 7 శాతం పెంచారు. స్థానికుల వేతనాలపై దీని ప్రభావం దాదాపు లేదని డేవిడ్ కార్డ్ 1990లో తేల్చగా, పాఠశాల చదువు పూర్తిచేయని స్థానికుల వేతనాలు గణనీయంగా పడిపోయాయని జార్జ్ బోర్హాస్ 2017లో వాదించాడు. చదువు తక్కువ ఉన్న స్థానిక కార్మికుని ఆందోళనను తోసిపుచ్చరాదని ఈ వివాదం గుర్తుచేస్తుంది.

తెలుగువారికి సుపరిచితమైన హెచ్-1బి వీసాలో కూడా ఇదే సమస్య మరో మెట్టుపై కనిపిస్తుంది. 1990 చట్టంతో ఏర్పడిన ఈ వీసాలకు సాధారణ వార్షిక పరిమితి 65,000. అమెరికాలో ఉన్నతవిద్య పొందినవారికి అదనంగా 20,000 ఉన్నాయి. 2000 సంవత్సరపు చట్టం యజమానిని మార్చుకునే వీలు కల్పించినా, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి సాగే నిరీక్షణ భారతీయ ఉద్యోగి కదలికను కట్టడి చేస్తుంది. దోహాలోని తాపీ పనివానికి, డల్లాస్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు జీతంలో పోలికే లేదు. వెళ్లిపోతే నష్టపోతానన్న భయం మాత్రం ఇద్దరికీ ఉన్నది.

9. పంపే దేశం పాత్ర

స్థానిక – విదేశీ వివాదంలో పంపే దేశం ప్రేక్షకురాలు కాదు. భారత ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు వెళ్లే తన కార్మికులకు పనిని బట్టి కనీస సిఫారసు వేతనాలను నిర్ణయిస్తుంది. అంతకు తక్కువ జీతమిచ్చే ఒప్పందాలకు వలస అనుమతి ఇవ్వరాదన్నది దీని ఉద్దేశం. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరులో, ఆరు గల్ఫ్ దేశాలకు సంబంధించిన ఈ వేతనాలను 30 నుండి 50 శాతం మేరకు తగ్గిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. జీతం ఎక్కువైతే ఇతర దేశాల కార్మికులు మనవారి అవకాశాలను తీసుకుంటారన్నది దానికి చెప్పిన సమర్థన. తెలంగాణ హైకోర్టులో దీనిపై ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2021 జూలైలో ప్రభుత్వం ఆ తగ్గింపును ఉపసంహరించుకొని పాత వేతనాలను పునరుద్ధరించింది.

ఈ ఘటన వివాదంలోని తర్కాన్ని నగ్నంగా చూపుతుంది. ఒక దేశం తన కార్మికుని ధర తగ్గిస్తే, పోటీలో ఉన్న మరొక దేశం ఇంకా తగ్గిస్తుంది. ఆ పందెంలో గెలిచే దేశం ఉండదు. పైగా తగ్గిన ప్రతి రియాలూ ఆతిథ్య దేశపు పౌరునికి, వలస కార్మికునికి మధ్య ఉన్న అంతరాన్ని పెంచి, మరింత కఠినమైన కోటాలకు అక్కడి ప్రభుత్వాలను ప్రేరేపిస్తుంది. చవకగా అమ్ముడుపోయే శ్రమ చివరికి అవాంఛిత శ్రమగా ముద్రపడుతుంది.

10. తెలుగు నేలపై స్థానికత

కార్మికులను పంపే సమాజం స్థానికుల కోసం అరబ్బులు చేసే వాదనను అన్యాయమని కొట్టిపారేయడానికి వీలులేదు. ఆ వాదన తెలుగు నేలపై కూడా లోతైన వేళ్లున్నదే. హైదరాబాద్ సంస్థానంలో 1919లో నిజాం ఫర్మానా ముల్కీ నిబంధనలకు రూపమిచ్చింది. 1952 ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, 1973 ఆరుసూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు ఉద్యోగాల్లో స్థానికత చుట్టూ నడిచినవే. ఇవి ప్రభుత్వ కొలువులకు సంబంధించినవి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో చేసిన చట్టం మరొక అడుగు వేసి, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని నిర్దేశించింది. ఇటువంటి హర్యానా చట్టాన్ని పంజాబ్ – హర్యానా హైకోర్టు 2023లో కొట్టివేసింది.

అదే సమయంలో తెలంగాణ ఇటుకబట్టీల్లో ఒడిశా కుటుంబాలు, హైదరాబాద్ నిర్మాణరంగంలో బీహార్, జార్ఖండ్ కూలీలు పనిచేస్తున్నారు. ఇటుకబట్టీకి వచ్చే కుటుంబం కూడా ముందుగా అడ్వాన్సు తీసుకొని, అది తీరేదాకా బట్టీని విడువలేని స్థితిలో ఉంటుంది. పాస్‌పోర్టు, అకామా లేకపోయినా కట్టు ఒకటే. గల్ఫ్‌లో తెలుగు కార్మికుడు ఏ స్థానంలో ఉన్నాడో, ఇక్కడ ఒడియా కార్మికుడు ఆ స్థానంలో ఉన్నాడు. అడ్వాన్సుకు కట్టుబడిన కూలీ దొరుకుతున్నంతకాలం బట్టీ యజమాని స్థానిక కూలీ అడిగే ధరను అంగీకరించవలసిన అవసరం ఉండదు.

11. ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. గల్ఫ్ దేశాల్లో విదేశీ కార్మికుని చౌకదనానికి మూలం అతని జాతీయత కాదు. యజమానిని మార్చుకోలేని చట్టస్థితి, వీసా కోసం చేసిన అప్పు కలిసి ఆ చౌకదనాన్ని తయారుచేస్తున్నాయి.

2. కోటాలు పౌరులకు కొంత ఉపాధిని ఇచ్చాయి. కాని సంస్థల మూసివేత, నామమాత్రపు నియామకాలు, బలహీన వలసదారులపై తనిఖీలు వాటికి మూల్యమయ్యాయి. మూలకారణాన్ని అవి తాకలేదు.

3. రుసుముల భారం బేరమాడే శక్తి లేని కార్మికునిపైకి మళ్లే ప్రమాదం ఉన్నది.

4. యజమానిని మార్చుకునే హక్కు వలస కార్మికుని వేతనాన్ని పెంచుతుంది. స్థానికునికి, అతనికి మధ్య అంతరాన్ని తగ్గిస్తుంది. కనుక వలస కార్మికుని హక్కులు స్థానిక కార్మికుని ప్రయోజనానికి విరుద్ధం కావు.

5. ఆ హక్కువల్ల కొత్త వీసాల సంఖ్య తగ్గవచ్చు. ఈ నష్టాన్ని భరించేది ఇంకా వలస వెళ్లని గ్రామీణ యువత. వారికి స్వరాష్ట్రంలో ఉపాధి, నైపుణ్య శిక్షణ, అప్పులేని నియామక విధానం కల్పించే బాధ్యత తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలపై ఉన్నది.

6. కనీస సిఫారసు వేతనాలను తగ్గించి అవకాశాలు పెంచుకోవాలనే విధానం దీర్ఘకాలంలో వలస కార్మికునికే చేటు చేస్తుంది. ఈ వేతనాలపై పంపే దేశాలు ఉమ్మడిగా వ్యవహరించవలసి ఉన్నది.

స్థానికుడు, విదేశీయుడు ఒకే ఉద్యోగానికి ఎదురెదురుగా నిలబడిన పోటీదారులుగా కనిపించడం ఈ వివాదపు పైపొర మాత్రమే. వారిలో ఒకరికి వెళ్లిపోయే హక్కు లేకపోవడం వల్లనే రెండవవారికి ప్రవేశించే అవకాశం లేకుండా పోతున్నది. నియామక విధానాలపై జరిగే చర్చ ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా, తీసుకున్నవారిని ఏ షరతులపై పనిలో ఉంచుతున్నామన్న ప్రశ్న దాకా సాగినప్పుడే రియాద్‌లోని నిరుద్యోగ యువకునికీ, జగిత్యాల నుండి వెళ్లిన కార్మికునికీ న్యాయం సమకూరుతుంది.